పాలిష్ పట్టిన ఎర్ర కారు

కోటగిరి,
16 ఫిబ్రవరి 2025

కోటీ పదిహేను లక్షలు, బాపురావన్నా! మన ఎర్ర కారుకు! దండం తర్వాత పెడతాను, ముందు ఆ అంకె ఇంకోసారి చదువుకో.

నీకు చెవులు వినబడితే ఫోన్‌లోనే అరిచేవాణ్ని. షుగర్ ఫ్యాక్టరీ మిల్లు హాలులో ముప్పై ఏండ్లు ఫిట్టర్‌గా చేసి, చెవులు అక్కడే వదిలేసి, నువ్వు నాందేడ్ పోయి కూర్చున్నావు. అందుకే ఈ కవరు, ఈ ఐదు రూపాయల స్టాంపు.

సంగతి ఇదీ. నిన్న బోధన్ నుంచి నా బిడ్డ సవిత వచ్చింది. అన్నం తింటూ తన ఫోన్‌లో ఒక బొమ్మ చూపించింది. ఎక్కడో ఇంగ్లండులో పాత స్పోర్ట్స్ కార్ల వేలంపాట. ఒక్కో కారు లైట్ల కింద బాసికం కట్టుకున్న పెండ్లికొడుకులాగా నిలబడి ఉంది. అందులో ఒకటి మనదే! అవే రెండు సీట్లు, అదే కప్పు లేని నెత్తి, అవే కప్ప కండ్లు.

"గిది మనదే గదనే?" అన్నాను.

"మనదసొంటిదే బాపు. కోటీ పదిహేను లక్షలకు పోయిందట."

చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. సవిత మాత్రం "గది నడిచే కారు బాపు," అని నవ్వి చేయి కడుక్కుంది. పిల్లలకు సంబురపడటం రాదన్నా.

నలభై ఏండ్ల కింద షుగర్ ఫ్యాక్టరీ కెమిస్టు దొర ఊరు విడిచిపోతూ, పన్నెండేండ్లు డ్రైవర్‌గా చేసినందుకు ఆ కారు నా పేర రాసిచ్చాడు. ఆర్‌సీ పుస్తకం ఇప్పటికీ నా ట్రంకులో భద్రం. అది పెట్రోలు తాగే తీరు చూసి మొదటి నెలలోనే దొడ్డిలో పెట్టేశాననుకో. కానీ ఏ దసరాకూ దానికి బొట్టు తప్పలేదు, కొబ్బరికాయ తప్పలేదు. మీద నా పసుపు బస్తాలు, కింద మా ఇంటామె నాగవ్వ కోళ్లు. నిజామాబాద్‌లో ఉన్న నా బామ్మర్ది భూమన్న వచ్చినప్పుడల్లా "బావా, కోళ్లగూడుకు నాలుగు చక్రాలెందుకే?" అనేవాడు. నిజాంసాగర్‌లో మా చిన్నాయన కొడుకు విష్ణు దాన్ని కిలోల లెక్కన అమ్మిపెడతానన్నాడు. ఇప్పుడు పిలవాలి ఇద్దర్నీ.

నాకు కోటి రూపాయలెందుకన్నా? సవితకు షెడ్డు కావాలి. నీ దగ్గర పని నేర్చుకొని బోధన్‌లో ట్రాక్టర్ల రిపేరు షెడ్డు పెట్టుకుంది కదా, ఆ జాగ ఓనరు ప్రేమ్ సేటు దసరా దాటగానే ఖాళీ చేయమన్నాడు. అది పోతే పిల్ల చేతులు కట్టుకొని ఇంట్లో కూర్చోవాలి. అప్పుడు డిచ్‌పల్లిలో మా చెల్లె లింగవ్వ పండుగ చేసుకుంటుంది. "ఆడిపిల్ల గోర్లల్ల గ్రీజుంటే ఇంట్ల లక్ష్మి నిలువదు," అని అనేది ఆమెనే. కారు అమ్ముతాను, ఆ జాగనే కొంటాను, సవిత పేర పెడతాను.

ఒక్కటే చిక్కు. దాని ఇంజన్ చూసేది నువ్వే కాబట్టి, కారు బానెట్టు తాళంచెవి నీ దగ్గరే ఉండిపోయింది. వెంటనే పోస్టులో పంపు.

నీ తమ్ముడు,
ఆశన్న


నాందేడ్,
1 మార్చి

కోటీశ్వరుడు ఆశన్న గారి పాదాలకు, పింఛన్ మీద బతికే బాపురావు నమస్కారం.

నీ ఉత్తరం చదివి మా ఇంట్లో పేడా పంచుదామనుకున్నాను. పంచేముందు ఒకటి ఆలోచించాను. ఇంగ్లండు ధర చూసి కోటగిరిలో కారు అమ్మేవాడివి, రేపు లాసల్‌గావ్ ఉల్లి మార్కెట్ ధర చూసి నీ పెరట్లో నాలుగు ఉల్లిగడ్డలు అమ్ముతావు. అక్కడ కొనేవాడు ఉన్నాడు, లైట్లు ఉన్నాయి, కారుకు చక్రాల్లో గాలి ఉంది. నీ దగ్గర కోళ్లు ఉన్నాయి.

చెవులు పోయినా కండ్లున్నాయి, పేపరు చదువుతాను. రోగం దినాల్లో అందరూ ఇండ్లల్లో కూర్చున్నప్పుడు, డబ్బు ఎక్కువై ఏంచేయాలో తోచనివాళ్లు ఈ కార్లు కొన్నారట. ధర మిద్దె ఎక్కింది. ఇప్పుడు దిగడానికి నిచ్చెన వెతుక్కుంటున్నది. పోయిన వేలంలో సగం కార్లు పాట పాడేవాడు లేక, పిల్ల నచ్చక వాపసు పోయిన పెండ్లివారిలా ఇంటికి పోయాయట. చల్లబడిన బజారు అది. అందులో చేయి పెట్టకు.

కారును ఉన్నచోట ఉండనీ. సవిత షెడ్డుకు ఇంకో దారి చూద్దాం.

తాళంచెవి అడిగావు. వెతుకుతాను. వయసైంది, ఎక్కడ పెట్టానో గుర్తుకు రావడంలేదు.

బాపురావు


కోటగిరి,
23 మార్చి

బాపురావన్నకు దండాలు.

నీ ఉత్తరం నాగవ్వకు చదివి వినిపించాను. "ఆ అన్న చెప్పినట్టిను," అన్నది. మీరిద్దరూ ఎప్పటినుంచి ఒకటయ్యారో!

అన్నా, నువ్వు ఇనుము ఎరిగినవాడివి. వేలం ఎరిగినవాణ్ని నేను. నలభై ఏండ్లుగా నిజామాబాద్ మార్కెట్ యార్డులో పసుపు కుప్ప పక్కన నిలబడుతున్నాను. ఖరీదుదారు వస్తాడు, ఒక కొమ్ము తీసి విరుస్తాడు, మొహం ఆముదం తాగినట్టు పెట్టి, "సాంగ్లీల పసుపు ధర పడ్డదే పెద్దమనిషీ," అంటాడు. వాడు అట్లా అన్నాడంటే ఆ కుప్ప వాడికి కావాలన్నట్టు. ధర పడుతున్నదని నోరు నొప్పిపుట్టేలా చెప్పేవాడు కొనేవాడేనన్నా. ఇప్పుడు నువ్వు రెండు పేజీలు రాశావు. నిజం చెప్పు, నా కారు మీద నీకు కన్నుందా?

తాళంచెవి ఎక్కడ పెట్టావో గుర్తులేదా? ఏ మిల్లు ఏ సంవత్సరం ఏ బోల్టు తెగి ఆగిందో ఇప్పటికీ చెబుతావు కదా!

విను. హైదరాబాద్‌లో మల్లికార్జున్ అని ఒక పెద్ద షావుకారి. పాత కార్లు కొని వేలంలో పెడతాడు. ఆయన నంబరు భూమన్న దగ్గర దొరికింది. కోళ్లగూడు అన్న నోటితోనే "బావా, నా పేరు చెప్పు" అన్నాడు! పసుపు బస్తాలు దించి, కారు ఫొటో తీసి పంపించాను. పది నిమిషాల్లో ఫోను. "దుమ్ము కూడ తుడవకుండ్రి, నేనొచ్చి చూస్త. అంతా ఒరిజినల్ అయితే నలభై ఐదు లక్షలు," అన్నాడు. మే నెలలో వస్తాడు.

దుమ్ము తుడవొద్దంటాడు! ఎందుకో నాకు తెలియదనుకున్నాడా? మురికి సరుకుకు తక్కువ కట్టి, తాను కడుక్కొని ఎక్కువకు అమ్ముకోవడానికి. పసుపు ఉడకబెట్టి, ఎండబెట్టి, డ్రమ్ములో తిప్పి పాలిష్ పడతాం. పాలిష్ లేని కొమ్మును యార్డులో కుక్క కూడా వాసన చూడదు. నలభై ఐదు అన్నవాడు పాలిష్ చూస్తే డెబ్బై అనడా?

బోధన్‌లో ట్రాక్టర్లకు రంగు వేసే మనిషిని మాట్లాడాను. సవితకు చెప్పలేదు. చూసి సంబురపడుతుంది.

ఆశన్న


నాందేడ్,
31 మార్చి

అరే ఆశన్నా, ఆగు!

స్పీడు పోస్టులో పంపుతున్నాను. రంగు వేయకు. తుడవకు. ఆ షావుకారి నిజమే చెప్పాడు. ఆ కార్ల లోకం తిరకాసు లోకం. అక్కడ దుమ్ముకు ధర, తుప్పుకు ధర, అరవై ఏండ్ల కింద కంపెనీవాడు వేసిన రంగు మీద గీతకు కూడా ధర. కొత్త రంగు వేస్తే, పాత విగ్రహానికి ప్లాస్టిక్ పెయింటు వేసినట్టు చూస్తారు. అది పసుపు కాదురా నాయనా. పాలిష్ పట్టకు!

ఇంకొక మాట. వాణ్ని బానెట్టు తెరవనీయకు. నేను వస్తాను. మోకాళ్లు బాగుంటే ఈపాటికి బస్సెక్కేవాణ్ని. నీతో కూర్చొని చెప్పాల్సిన సంగతి ఒకటుంది. ఉత్తరంలో రాసేది కాదు. నేను వచ్చేదాకా తెరవొద్దు. తెరిస్తే బాగుండదు.

నీ మీద, నీ కారు మీద నాకు కన్ను లేదు. కన్నున్నా నేను కొనేదేముంది, పింఛన్‌తో దాని అద్దం రాదు.

బాపురావు


కోటగిరి,
12 మే

శ్రీ బాపురావు గారికి,

మీ స్పీడు పోస్టు అందేసరికి రంగు ఆరిపోయింది. ట్రాక్టర్ ఎరుపు. పక్కలకు పసుపు గీతలు. వెనక పువ్వుల మధ్య "సవిత" అని పెద్ద అక్షరాలు. నాకైతే లక్షణంగా ఉంది.

నిన్న మల్లికార్జున్ వచ్చాడు. గేటు దగ్గరే కారు దిగి, నా కారును చూసి, అక్కడే ఆగిపోయాడు. మనిషి పోయిన ఇంటికి వచ్చినట్టు మెల్లగా చెప్పులు విడిచాడు.

"పెద్దమనిషీ, ఎవ్వలు చేసిండ్రు గీ పని?"

"నేనే చేయించిన సార్. పాలిష్."

"నలభై ఐదుల సగం పాలిష్ పట్టినవు. ఇరవై."

ఇరవై అన్నప్పటికీ నేను గుండె దిటవు చేసుకున్నాను. షెడ్డు జాగకు అది సరిపోతుంది. అప్పుడు బానెట్టు తెరవమన్నాడు. తాళంచెవి లేదన్నాను. ఆయనతో వచ్చిన మెకానిక్ ఒక తీగ పెట్టి రెండు నిమిషాల్లో తెరిచాడు. మీరు మూడు నెలలు వెతికిన తాళం, రెండు నిమిషాలు.

లోపల ఎండుగడ్డి ఉంది. గడ్డిలో పదకొండు కోడిగుడ్లు ఉన్నాయి. ఇంజన్ లేదు.

మల్లికార్జున్ వంగి చూశాడు. "మూడు లక్షలు. గుడ్లు మీరే ఉంచుకోండ్రి," అన్నాడు. ధర పెరుగుతుందా చల్లారుతుందా అని మనం మూడు నెలలు కొట్లాడాం. పావుగంటలో నా వాకిట్లోనే మంచు పడింది. వాకిట్లో ఊరు సగం ఉంది. భూమన్న కూడా ఉన్నాడు. వాడు ఏమన్నాడో రాయను.

నాగవ్వ మాత్రం "గీ కోడి యాడ పెడుతున్నదో అని ఎన్ని దినాలు దేవులాడిన," అంటూ గుడ్లు కొంగులో వేసుకొని లోపలికి పోయింది. ఇంజన్ ఏదని ఒక్క మాట అడగలేదు. దుఃఖంతో మతి పోయిందనుకుంటాను.

ఆ బానెట్టు తాళంచెవి ఈ భూమ్మీద ఒక్కరి దగ్గరే ఉంది. నేను ఎవరి పేరూ రాయడం లేదు. నలభై ఏండ్లు అన్నా అన్నా అని పిలిచాను. ఆ పిలుపు వాపసు తీసుకుంటున్నాను. నా బిడ్డ షెడ్డు పోతున్నది.

ఇట్లు,
ఆశన్న


నాందేడ్,
20 మే

ఆశన్నా,

నేనే తీశాను.

సవిత నాలుగో తరగతిలో ఉన్న ఏడు, కాలువకు నీళ్లు రాని ఏడు. నువ్వు నీళ్లు విడవమని నిజామాబాద్‌లో ఆఫీసు ముందు ఆరు రోజులు కూర్చున్నావు. ఊర్లో నీ రెండెకరాల పసుపు మూడో రోజుకే ఆకు చుట్టుకున్నది. వాగు గుంతలో నీళ్లున్నాయి. కరెంటు లేదు. నేను తెచ్చిన పాత ఆయిల్ ఇంజన్ గంట నడిచి పగిలింది. నీ దొడ్డిలో ఒక ఇంజన్ ఊరికే కూర్చొని కొబ్బరికాయలు కొట్టించుకుంటున్నది.

నేను వెనుకాడాను. నాగవ్వ చెల్లె వెనుకాడలేదు. "కారుకు దూప అయితదా, పసుపుకు దూప అయితదా? తీస్కపో అన్నా," అన్నది. గుడ్లు ఎవరు ఏరుకున్నారో రాశావు కదా, ఇప్పుడు అర్థం చేసుకో. ఆమె మతి భేషుగ్గా ఉంది.

నువ్వు తిరిగొచ్చి పచ్చని చేను చూసి నన్ను కౌగిలించుకున్నావు. "ఇదెక్కడి ఇంజనన్నా, కిరసనాయిలు కలిపినా పాట పాడినట్టు నడుస్తున్నది!" అన్నావు. మీద నల్ల రంగు పూసి, ఫ్యాక్టరీ స్క్రాప్ అన్నాను. వానలు పడ్డాక ఎక్కిద్దామనుకున్నాను. వానలు పడ్డాయి, నువ్వు బానెట్టు మీద బస్తాలు వేశావు. ఇంకో ఏడనుకున్నాను. తర్వాత సిగ్గు. ఆ దసరాకు నువ్వు పంపు ఇంజన్‌కూ కొబ్బరికాయ కొట్టావు, కడుపులో ఏమీ లేని కారుకూ కొట్టావు. పక్కన నిలబడి రెండు చిప్పలూ నేనే తిన్నాను.

బోరు వేసుకున్నాక ఆ ఇంజన్‌ను సవిత స్క్రాపుకు తీసుకుపోయిందని నువ్వు రాసిన రోజు నేను అన్నం తినలేదు. అప్పుడైనా చెప్పాల్సింది. ధర చల్లబడిందని ఇన్ని నెలలు నిన్ను ఎగతాళి చేసింది, ఆ బానెట్టు తెరవకుండా ఆపడానికే. పేపరులో రాసింది నిజమే, అయితే అది నాకు సమయానికి సాకుగా దొరికింది.

తాళంచెవి ఈ కవరులో ఉంది. ఇప్పుడు దాంతో పనిలేదు. నాకు జవాబు రాయకపోయినా, సవిత షెడ్డు సంగతి మాత్రం ఎవరితోనైనా రాయించు.

బాపురావు


కోటగిరి,
4 అక్టోబర్

స్టార్టయింది, అన్నా! ఒక్క సెల్ఫుకు! నీ చెవులకు కూడా వినబడి ఉంటుంది, నాందేడ్ ఎంత దూరం!

నాలుగు నెలలకు పైగా నీకు రాయలేదు. మొదట కోపం. తర్వాత, ఆ ఏడు పసుపు అమ్మిన డబ్బుతోనే సవితను బోధన్ బడిలో వేశానని గుర్తొచ్చి సిగ్గు. "అన్న"ను వాపసు ఇస్తున్నాను, తీసుకో.

జరిగింది చెబుతాను. సెప్టెంబరులో షెడ్డు సామాను సర్దడానికి నన్ను బోధన్ తీసుకుపోయింది సవిత. నేను పానలు మూట కడుతూ నిన్ను తిడుతున్నాను. అది నవ్వుతూ మూలకు పోయి టార్పాలిన్ లాగింది. ఇంజన్! నూనె పెట్టి, అద్దంలా తుడిచి, దిమ్మె మీద కూర్చోబెట్టి ఉంది. స్క్రాపుకు పోలేదన్నా అది. దాని పక్కన నా ఆర్‌సీ పుస్తకం తెరిచి పెట్టింది. ఇంజన్ మీద కొట్టిన నంబరు, పుస్తకంలో నంబరు ఒక్కటే.

"ఎన్నడు ఎరుకైందే నీకు?"

"ఎనిమిదేండ్లాయె. పంపు కాడి నుంచి తెచ్చినప్పుడే నంబరు జూసిన."

"మరి అప్పుడెందుకు చెప్పలే?"

"చెప్తే బాపురావు పెద్దబాపును కొడ్తవని."

"కోటి రూపాయలన్నప్పుడన్న చెప్పొద్దా?"

"చెప్తే అమ్ముతవని." తర్వాత తల వంచుకొని, "చిన్నప్పుడు దీని పక్కన కూసోనే హోంవర్క్ రాసుకున్న బాపు. గీ సప్పుడు వినే ఇంజన్ల మీద పానం పడ్డది. షెడ్డు కోసం దీన్ని అమ్ముతనంటే నాకెట్లుంటది?" అన్నది.

పక్క చాయ్ డబ్బాకు పోయి రెండు చాయ్‌లు తెచ్చాను.

సామాను సర్దడం ఆపి, ఇంజన్‌ను కోటగిరి తెచ్చి కారుకు ఎక్కించింది. గురువారం దసరా. ప్రతి ఏటిలాగే బొట్టు పెట్టాను, కొబ్బరికాయ కొట్టాను. ఈసారి లోపల దేవుడున్నాడు. సవిత తాళం తిప్పింది. అదే పాట! నాగవ్వ కోళ్లు అరుచుకుంటూ కోటగిరి పొలిమేర దాకా ఉరికాయి. ఇద్దరం కాలువ గట్టు మీద పోతుంటే, కప్పు లేదు కదా, రుమాలు ఎగిరిపోయింది. పోనీయన్నాను.

సవిత ఆ సప్పుడు ఫోన్‌లో పట్టి మల్లికార్జున్‌కు పంపింది. నిన్న పరుగెత్తుకొచ్చాడు. నేను గర్వంగా అడిగాను, "ఇప్పుడెంత సార్?"

"ఇంజన్ దొరికింది గని బజారు ఇంకా పడ్డది. రంగు గట్లనే ఉన్నది. పద్దెనిమిది."

మేలో ఇంజన్ లేదని మూడు, ఇప్పుడు ఉన్నా పద్దెనిమిదే! అమ్మనన్నాను. ఆయన బాధపడలేదు, నా మంచం మీద కూర్చొని తన బాధ మొదలుపెట్టాడు. ధర మండుతున్నప్పుడు తొమ్మిది కార్లు కొన్నాడట. అప్పుడు ఎవడూ స్టార్టు చేసి చూడలేదు. గుడ్డ కప్పి ఒకడు అమ్మితే, ఆ గుడ్డ తీయకుండా ఇంకొకడు కొన్నాడు. ఇప్పుడు చల్లబడింది కదా, వచ్చిన ప్రతివాడు "ముందు నడిపి చూపెట్టు," అంటున్నాడట. తొమ్మిదింట్లో ఒక్కటీ కదలదు. మనల్ని కోళ్లఫారంలా చూసిన మనిషి, నన్ను బతిమాలాడు. "అమ్మాయి చేస్తదా పెద్దమనిషీ?"

"నన్నడుగుతవేంది సార్, మేస్త్రీ ఆడున్నది," అన్నాను. సవిత రేటు చెప్పింది. ఆయన బేరం ఆడాడు. అది గ్రీజు గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, "సార్, రిపేరు ధర చల్లబడలే," అన్నది. ఒప్పుకున్నాడు!

ఈ రోజు పొద్దున మొదటి మూడు కార్లు లారీ మీద బోధన్ దిగాయి. బజారంతా నిలబడి చూసింది. ఖాళీ చేయమన్న ప్రేమ్ సేటు తానే స్టాంపు పేపరు పట్టుకొచ్చి పదేండ్ల కిరాయికి షెడ్డు రాసిచ్చాడు. "నేను ముందునుంచే అంటున్న, గీ పిల్ల చేతుల మహిమ ఉన్నదని," అని నాతోనే చెబుతున్నాడు. మనిషి నోటికి కూడా ట్రాక్టర్ రంగు వేయొచ్చన్నా.

ఇక నీకు శిక్ష. ఇంజన్ దొంగతనానికి, ఇరవై మూడేండ్ల అబద్ధానికి, రెండు కొబ్బరి చిప్పలకు. నేను చెబితే కోతలంటారు. నువ్వు మెకానిక్కువు, నీ రాత ముత్యాలు, నువ్వు రాస్తే నమ్ముతారు. ఈ కింది వాళ్లందరికీ నువ్వే కార్డులు రాయాలి:

డిచ్‌పల్లిలో మా చెల్లె లింగవ్వకు. గోర్లల్ల గ్రీజు ఉన్న ఇంటికి లక్ష్మి లారీ ఎక్కి వచ్చిందని రాయి. లారీ మీద మూడు కార్లు అని కూడా రాయి.

నిజామాబాద్‌లో బామ్మర్ది భూమన్నకు. కోళ్లగూడు దీపావళికి వాళ్ల గల్లీలోకి వస్తున్నది, పిల్లల్ని పక్కకు జరపమని. మల్లికార్జున్ నంబరు ఇచ్చింది వాడే, అది కూడా ఒప్పుకో, చిన్న అక్షరాలతో.

నిజాంసాగర్ విష్ణుకు. కిలో ఎంతకు కొంటావని అడుగు, అంతే. కింద నా సంతకం పెట్టు.

మా అన్న బిడ్డ భాగ్యలక్ష్మికి. ఆ పిల్ల ఒక్కతే సవితను ఏనాడూ ఎగతాళి చేయలేదు. ఆమెకు అందరికంటే ముందు రాయి, మంచి మాటలతో రాయి.

మేనత్త వెంకటవ్వకు కార్డు వద్దు. ఆమెకు తొంభై దాటాయి, చదువు రాదు, నీకంటే చెవుడు. ఆమెను కార్లో కూర్చోబెడతాం, సీటు అదిరితే ఆమెకే అర్థమవుతుంది.

నాగవ్వకు చెప్పే పనిలేదు. ఈ ఇంట్లో ఏ సంగతైనా ఆమెకు ముందే తెలుసట, ఆఖరున తెలిసేది నాకేనట. గుడ్లు ఏరుకుంటూ చెప్పింది.

నీ తమ్ముడు,
ఆశన్న